ఫోనులో తెలుగక్షరము చిక్కుపడుట యెందుకు?

నేటి దినములలో ఫోనో కంప్యూటరో లేని యిల్లు అరుదు. ఈ యంత్రముల వలని లాభములను గూర్చి మన విద్యార్థులు ప్రతి సంవత్సరమును వ్యాసములు వ్రాయుచునే యున్నారు. ఉపన్యాసపు పోటీలలో గంట మ్రోగువరకు చెప్పుచునే యున్నారు. కావున ఆ సంగతి మరల నెత్తుట మా యుద్దేశము కాదు. ఈ యంత్రములతో కాపురము చేయువారికి దినదినము కలుగు చిన్న విసుగులు కొన్ని కలవు. అవి పంటిసందున నిరుకుకొన్న పీచు వంటివి. ప్రాణము తీయవు, ఊరకుండనీయవు. వానిలో తెలుగు వ్రాయువారికి ప్రత్యేకముగ తగులువానిని మాత్రము తీసికొని, వాని కారణములను ఈ పాఠమున విచారింతము.

ఈ పత్రికకు రచనలు పోగుచేయు కాలమున మా బల్లయొద్దకు వచ్చు విద్యార్థులు తరచుగ ననుమాట యొకటి కలదు: “మాస్టారూ, ఫోనులో తెలుగు సరిగా రాదండీ. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి తెస్తే పుచ్చుకుంటారా?” ఈ ప్రశ్నను తేలికగ త్రోసిపుచ్చరాదు. అడుగువాడు సోమరి కాడు. చక్కని కథ వ్రాయగలవాడే. మొదట తెలుగక్షరములతోనే ఆరంభించెను. ఒకచోట వత్తు తన అక్షరము క్రింద నిలువక ప్రక్కకు వచ్చెను. ఒకచోట అక్షరమునకు బదులు ఖాళీ గడి కనబడెను. గుణింతమును దిద్దబోయి చెరుపు మీట నొక్కగా ఉన్న అక్షరము వేరొక రూపము దాల్చెను. మూడవదినమున వాడు విసిగి రోమను లిపికి దిగెను. ఒక పిల్లవాడు తన భాషను తన లిపిలో వ్రాయుట మానుకొనుటకు ఇంత స్వల్పమైన విసుగు చాలుచున్నది. అట్లు వ్రాసినదానిని వాని తోడివారు చదువగలరు గాని, తెలుగు మాత్రమే చదువనేర్చిన వాని యవ్వ చదువలేదు. అందుచేతనే ఇది పాఠమగుటకు తగిన విషయమని తలచితిమి.

మొట్టమొదట తెలిసికొనవలసినది ఏమన, యంత్రమునకు అక్షరము తెలియదు. దానికి తెలిసినది సంఖ్య. మనము 'క' మీటను నొక్కినపుడు యంత్రము లోపల దాచుకొనునది 'క' యొక్క రూపము కాదు, 3093 అను సంఖ్య. 'జ'కు 3100, 'త'కు 3108. లోకములోని లిపులకు ఇట్లు సంఖ్యలు కేటాయించు పట్టికకు యూనికోడు అని పేరు. 1991వ సంవత్సరము అక్టోబరులో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరికెను. మన భాగము 3072తో మొదలై 3199తో ముగియును. అనగా 128 గదులు. భారతీయ లిపులన్నియు ఆ పట్టికలో దాదాపుగ ఒకే వరుసలో కూర్చుండబెట్టబడినవి. ఆ వరుస మన దేశమున ముందే యేర్పరచిన ఇస్కీ యను పట్టికనుండి తీసికొన్నది. దీనికి వింతయైన గుర్తు ఒకటి కలదు. 'న' 3112వ గదిలో నున్నది, 'ప' 3114వ గదిలో నున్నది; నడుమ 3113 ఖాళీ. తమిళమున రెండు 'న'లు కలవు గదా! రెండవదానికై వేసిన పీట మన పంక్తిలో నెవరును కూర్చుండక మిగిలిపోయినది.

ఇచ్చట తెలివిగల విద్యార్థి యొక ప్రశ్న వేయవలెను. గుణింతములు, వత్తులు, సంయుక్తాక్షరములు లెక్కింపగ తెలుగున వేలకొలది రూపములు గదా; 128 గదులలో నెట్లు పట్టెను? పట్టలేదు. గదులలో నున్నవి అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మొదలగు విడి వస్తువులు మాత్రమే. తక్కినవన్నియు వీని కూడికచే నేర్పడును. వ్యాకరణపు తరగతిలో మీరు 'స్త్రీ' అను అక్షరమును వర్ణములుగ విడదీయుదురు. యంత్రమును అట్లే విడదీసి యుంచును: స 3128, పొల్లు 3149, త 3108, మరల పొల్లు 3149, ర 3120, గుడిదీర్ఘము 3136. కంటికి ఒక్క అక్షరము, యంత్రమునకు ఆరు సంఖ్యలు. భేద మొక్కటే. మన వ్యాకరణమున హల్లునకు అకారము చేర్చిన 'క' యగును. యంత్రమున 'క' అకారముతోనే పుట్టును, పొల్లు వచ్చి ఆ యకారమును తీసివేయును. తరువాత మరియొక హల్లు వచ్చెనా, అది వత్తుగ మారును.

సరే, ఆరు సంఖ్యలనుండి ఆ సుందరమైన రూపము నెవరు చేయుదురు? ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి సూత్రము, తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని. కావున సీసపు అక్షరములతో పనిచేసిన పూర్వపు అచ్చుకూటమును తలచుకొనుడు. అందు మూడు వేరువేరు సంగతులు కలవు. రచయిత వ్రాసి యిచ్చిన ప్రతి యొకటి; అక్షరముల దిమ్మెలు గల అరల పెట్టె యొకటి; ఆ ప్రతిని చూచి దిమ్మెలను పేర్చు కంపోజిటరు ఒకడు. ఫోనులో సంఖ్యల వరుస ప్రతి వంటిది. ఫాంటు అను రూపముల సంపుటి అరల పెట్టె వంటిది. ఈ రెంటి నడుమ నుండి, ఏ సంఖ్య తరువాత ఏ సంఖ్య వచ్చిన ఏ దిమ్మె తీయవలెనో, వత్తును ఎచ్చట నిలుపవలెనో నిర్ణయించు కార్యక్రమము కంపోజిటరు వంటిది. ఈ మూటిలో నేదో యొకటి తప్పినపుడే మనకు చిక్కు కనబడుచున్నది. ఏది తప్పినదో కనుగొనుట వైద్యుడు నాడి చూచుట వంటి పని, అభ్యాసముచే వచ్చును.

ఖాళీ గడి కనబడెనా, పెట్టెలో ఆ దిమ్మె లేదన్నమాట. ప్రతి చెడలేదు, సంఖ్య లోపల క్షేమముగనే యున్నది. మంచి ఫాంటుగల మరియొక యంత్రమున తెరచిన అదే వ్రాత చక్కగ కనబడును. ప్రాచీన గ్రంథముల అచ్చులో మీరు చూచు నకారపొల్లు ఇందుకు మంచి ఉదాహరణము. దానికి యూనికోడులో ప్రత్యేకమైన గది 2021వ సంవత్సరమున మాత్రమే, 3165వ సంఖ్యతో, లభించెను. అంతకు ముందు చేయబడిన ఫాంటులలో ఆ దిమ్మె యుండుటకు వీలు లేదు. దానిని పంపిన పెద్దమనిషికి అది పొల్లుగ కనబడును, అందుకొన్న మనకు గడిగ కనబడును. ఇరువురును ఒకరినొకరు తప్పుపట్టుకొందురు.

చుక్కలతో గీసిన వలయము కనబడుట వేరొక సంగతి. గుణింతపు గుర్తు ఒంటరిగ నిలువలేదు. దానికి ముందు హల్లు కావలెను. పొరబాటున ఖాళీ విడిచి పిమ్మట గుడి నొక్కినను, ఒకే హల్లునకు రెండు గుర్తులు తగిలించినను, కంపోజిటరు ‘ఈ గుర్తునకు తల యేది?’ అని యడుగుచున్నట్లు ఆ చుక్కల వలయమును వేయును. ఇది యంత్రదోషము కాదు, మనకు చేయు సూచన. వత్తు క్రిందికి దిగక పొల్లుతో ప్రక్కప్రక్కన పడుట మూడవ తెగ: దిమ్మెలు ఉన్నవి, కంపోజిటరునకు తెలుగు రాదు. పూర్వపు ఫోనులలో ఇది మిక్కుటముగ నుండెను. ఇప్పుడు తగ్గినది గాని, బొమ్మలపై అక్షరములు వేయు కొన్ని కార్యక్రమములలో నేటికిని చూడవచ్చును. పెండ్లి పత్రికలయందును, వీధి మొగలనుండు గుడ్డ ప్రకటనలయందును విడివడిన వత్తులను చూచి నవ్వుకొనువారు, దాని వెనుక తెలుగెరుగని కంపోజిటరు ఒకడు దాగియున్నాడని తెలిసికొందురు గాక.

ఇక చెరుపు మీట. విద్యార్థులను ఎక్కువగ విసిగించునది ఇదియే. 'స్త్రీ' అని వ్రాసి చెరుపు మీటను ఒకసారి నొక్కుడు. అనేక యంత్రములలో అక్షరమంతయు పోదు. గుడిదీర్ఘము మాత్రము పోయి 'స్త్ర' నిలుచును. మరల నొక్కిన రకారము పోయి, తకారమునకు పొల్లు తగిలిన 'స్త్' మిగులును. ఇది పిచ్చి చేష్టవలె తోచును గాని, ఆరు సంఖ్యల వరుసను జ్ఞాపకముంచుకొన్నవానికి తేటగ నున్నది: మీట చివరి సంఖ్యను మాత్రమే తీయుచున్నది. గుణింతము తప్పినపుడు అక్షరమంతయు మరల కొట్టు శ్రమ ఇందువలన తప్పుచున్నది. మా తరగతిలో ఈ సంగతి చెప్పిన దినమున, ఒక బాలిక వెంటనే పరీక్షించి చూచి, ‘ఇది పలకమీద తడిబట్టతో తుడుచుట కాదు, వ్రేలితో చివరి గీత మాత్రము చెరుపుట’ అనెను. అంతకంటె చక్కని వివరణము మేము చెప్పలేదు.

మీటల అమరికను గూర్చియు ఒక మాట చెప్పవలెను. తెలుగు వ్రాయుటకు ముఖ్యముగ రెండు దారులు కలవు. ఇన్‌స్క్రిప్టు అను అమరికలో అచ్చులు, గుణింతములు ఎడమచేతి వైపునను, హల్లులు కుడిచేతి వైపునను ఉండును. రెండవది రోమను అక్షరముల ధ్వనినిబట్టి కొట్టగా తెలుగగునది. ఈ రెండవదానిలో 'ల'కును 'ళ'కును, 'న'కును 'ణ'కును భేదము చూపుటకు పెద్దబడి, చిన్నబడి రోమను అక్షరములను వాడవలెను. తొందరలో ఆ భేదము పోవును, 'కళ' కాస్త 'కల' యగును. ఫోను తనంతట తాను ఊహించి మాటను మార్చుటయు కలదు. సాధారణమైన మాటలను చక్కగ నూహించును, ఊరిపేరులయొద్దను ఇంటిపేరులయొద్దను తడబడును. ఏ దారిన వ్రాసినను లోపల చేరు సంఖ్యలు ఒకటియే గనుక, ఏ దారియైన సరియే. అయినను మా యభిప్రాయ మడిగిన, వర్ణమాల వచ్చిన పిల్లవాడు తెలుగక్షరమును చేరుటకు రోమను లిపి గడప త్రొక్కి రానక్కరలేదు. ఇన్‌స్క్రిప్టును కొద్ది వారములు ఓపికతో సాధన చేసినవారు దానిని విడువగ మేము చూడలేదు.

ఇప్పుడు లోకమంతయు విన్న యొక సంగతికి వత్తము. 2018వ సంవత్సరము ఫిబ్రవరిలో ఆపిల్ వారి ఐఫోనులను ఒక్క తెలుగక్షరము స్తంభింపజేయుచున్నదని వార్త పొక్కెను. ఆ యక్షరము ‘జ్ఞా’. అది గల సందేశము వచ్చిన మాత్రమున దానిని చూపవలసిన కార్యక్రమము కుప్పకూలెను. తెరువబోయిన మరల కూలెను. కొందరు అల్లరివారు ఆ యక్షరమును పనిగట్టుకొని ఇతరులకు పంపి వినోదించిరి. ఆ నెల 19వ తేదీన ఆపిల్ వారు 11.2.6 అను సంఖ్యగల సవరింపు కూర్పును వెలువరించి దోషమును దిద్దిరి. ఇంతవరకు పత్రికలలో వచ్చినదే. కాని ఆ దినములలో మన పిల్లలు కొందరు, ‘మన అక్షరం అంత కష్టమైనదా, ఫోనులే తట్టుకోలేవట’ అని సగము గర్వముగను సగము సిగ్గుగను చెప్పుకొనుట వింటిమి. ఆ గర్వమునకును, ఆ సిగ్గునకును ఆధారము లేదు.

ఏలనన, 'జ్ఞానము', 'విజ్ఞానము' అని మనము మామూలుగ వ్రాయు 'జ్ఞా' ఆ దోషమునకు కారణము కాదు. జ, పొల్లు, ఞ అను మూడింటి తరువాత, దీర్ఘమునకు ముందు, కంటికి కనబడని గుర్తు ఒకటి చేరియుండెను. దాని సంఖ్య 8204. దానికి వెడల్పు లేదు, రూపము లేదు. ఇరుప్రక్కల వానిని అతుకనీయకుండుటయే దాని పని. ఆ క్రమములో నవి వచ్చినపుడు రూపమును లెక్కగట్టు కార్యక్రమము దారితప్పెను. బెంగాలీ, దేవనాగరి లిపులయందును అదే తీరు వరుసలు కొన్ని అట్టి ఫలమునే యిచ్చెను. అనగా అరల పెట్టె నిండుగనే యున్నది, ప్రతి చదువదగినదే. కంపోజిటరు తనకు నేర్పని సందర్భము రాగా మూర్ఛపోయెను. ఒకదాని తరువాత నొకటిగ వరుసలో నిలుచు అక్షరములకు అలవాటుపడిన యంత్రమునకు, క్రిందికిని పైకిని ప్రక్కకును అల్లుకొను లిపి క్రొత్తది. కంప్యూటరులకు ఆధారమైన ఆస్కీ యను పట్టిక 1963లో ప్రకటింపబడినపుడు దానిలోని 128 స్థానములు ఇంగ్లీషు అవసరములనుబట్టియే కూర్చబడెను. మన లిపి తరువాత వచ్చి అదే యింట కాపురము పెట్టవలసివచ్చెను. మన గదులు తరువాత కట్టబడినవి.

ఆ కనబడని గుర్తును దుష్టమైనదిగ నెంచరాదు. ‘సాఫ్ట్‌వేరు’ అను మాటలో టకారపు పొల్లు పొల్లుగనే నిలిచి, వకారము దాని క్రింద వత్తుగ పోకుండ కాపాడునది అదియే. కాని దానివలన ఇంకొక విసుగు పుట్టుచున్నది. ఒకడు దానిని చేర్చి వ్రాయును, ఒకడు చేర్చక వ్రాయును. కొన్ని మాటలలో రెండును కంటికి ఒకే తీరున నుండును. వెదకు యంత్రము సంఖ్యలను పోల్చునే గాని రూపములను పోల్చదు. కావున ఎదుట కనబడుచున్న మాటనే ‘లేదు’ అని చెప్పుట కద్దు.

దీనికంటెను గొప్ప మోసము సున్న చేయుచున్నది. పూర్ణానుస్వారమగు 'ం' యొక్క సంఖ్య 3074. తెలుగు అంకెలలోని సున్న '౦' యొక్క సంఖ్య 3174. సరిగ నూరు భేదము! అనేక ఫాంటులలో ఈ రెంటికిని రూపమున భేదము లేదు, ఉన్నను వెండ్రుకవాసియే. 'రంగము' అను మాటను అనుస్వారమునకు బదులు అంకెతో వ్రాసిన, అచ్చులో నెవరును కనిపెట్టలేరు. కాని వెదకిన దొరకదు, అకారాది పట్టికలో తన చోట కూర్చుండదు, బిగ్గరగ చదివి వినిపించు యంత్రము దానియొద్ద తడబడును. ఒక దరఖాస్తులో ఇంటిపేరునందలి సున్న ఇట్లు తారుమారైన విద్యార్థి పేరు, పట్టికలో కంటి యెదుటనే యుండియు, వెదకినపుడు రాకపోవుట సాధ్యమే. పిల్లలారా, మీ పేరునందు సున్న యుండిన యెడల, దరఖాస్తును ముగింపక మునుపు దానిని చెరిపి, అనుస్వారపు మీటతో మరల నొకసారి వ్రాయుడు. అర నిముషపు పని.

తరువాతిది సంక్షిప్త సందేశముల లెక్క. ఇది గణితపు తరగతికి తగినది. ఫోనులో పంపు ఎస్సెమ్మెస్ ఒక్కింటికి 1120 బిట్లు మాత్రమే చోటు. బిట్టు అనగా సున్నయో ఒకటియో పట్టు మిక్కిలి చిన్న గది. ఇంగ్లీషు అక్షరమునకు ఆ విధానములో 7 బిట్లు చాలును. 1120ని 7చే భాగింపగ 160. తెలుగునకు సంఖ్య యొక్కింటికి 16 కావలెను. 16చే భాగింపగ 70. సందేశములో ఒక్క తెలుగక్షరము చేరినను, తక్కినదంతయు ఇంగ్లీషైనను, మొత్తమునకు 70 లెక్కయే వర్తించును. వంకర ఉల్లేఖన చిహ్నములు చేరినను అంతే. 70 దాటిన సందేశము ముక్కలగును; ముక్కలను తిరిగి అతుకుటకు కావలసిన గుర్తులకు కొంత చోటు పోవుటచే ముక్కకు 67 మాత్రమే పట్టును.

దీనికి తోడు పైన చెప్పిన విభజనమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ‘రేపు పాఠశాలకు సెలవు.’ అను వాక్యమున కంటికి పది అక్షరములు, సంఖ్యలు పదునేడు, రెండు ఖాళీలును బిందువును కలుపగ ఇరువది. మూడు మాటలకు ఇరువది పోయినపుడు, వార్షికోత్సవపు ఆహ్వానము ఎన్ని ముక్కలగునో విద్యార్థులే లెక్కింపవచ్చును. ముక్క యొక్కింటికి వెల గట్టునపుడు తెలుగు సందేశము ఇంగ్లీషు సందేశముకంటె ప్రియమగును. ఈ కారణముచేతనే అనేక కార్యాలయములును పాఠశాలలును తలిదండ్రులకు తెలుగు మాటలనే రోమను లిపిలో పంపుచున్నవి. వారు పిసినారులని యనుటకు వీలు లేదు, వందలమందికి పంపవలసియుండును. కాని ఆ వెలను వేరొకరు చెల్లించుచున్నారు. రోమను లిపిలో కళ్లు, కల్లు, కాళ్లు అను మూడు మాటలును ఒకే తీరున వ్రాయబడును. కంటి వైద్యులు వచ్చు దినమును తెలుపు సందేశమును ఒక పాఠశాలవారు అట్లు పంపగా, చదివి వినిపించిన పొరుగింటి కుర్రవాడు ‘రేపు కాళ్లు పరీక్ష చేస్తారట’ అని చెప్పెనట. అవ్వగారు మనుమని కాళ్లు శుభ్రముగ తోమి, నూనె రాచి, క్రొత్త చెప్పులు తొడిగి పంపిరట. వాని కంటి కలక మాట ఎవరికిని చెప్పలేదు. వాట్సాప్ మొదలగువానిలో ఈ డెబ్బది లెక్క లేదు. అచ్చట తెలుగును తెలుగక్షరములలో పంపకుండుటకు ఖర్చు అను సాకు చెల్లదు.

చివరగ, మా పత్రికనే తాకిన చిక్కు ఒకటి. యూనికోడు వ్యాప్తిలోనికి రాకముందు, కంప్యూటరుపై తెలుగు అచ్చుపనులు మరియొక యుపాయముచే జరిగెడివి. ఇంగ్లీషు అక్షరముల గదులలోనే తెలుగు రూపముల ముక్కలను పెట్టిన ఫాంటులు చేయబడెను. ఉదాహరణమునకు 65వ గది ఇంగ్లీషు వర్ణమాలలోని మొదటి పెద్దబడి అక్షరమునకు చెందినది. ఆ ఫాంటులో దాని చోట తలకట్టో, కొమ్మో, ఒక వత్తో గీయబడియుండును. ఏ ముక్క ఏ గదిలో నుండవలెనను నియమము లేదు. ఫాంటు చేసినవారిలో నెవరి యమరిక వారిది. తెరమీదను కాగితముమీదను అది చక్కని తెలుగే. కాని లోపలి ప్రతి తెలుగు కాదు. అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. ఆ ఫాంటు గల యంత్రము పాడైనదా, ప్రతి రహస్యలేఖ యగును, దాని తాళపుచెవి పోయినట్లే.

మా పత్రిక పూర్వపు సంచికలు కొన్ని ఒక ముద్రాలయమున ఇట్లే కూర్చబడెను. వారు పని ముగించి సీడీలను మాకిచ్చిరి. మేము బీరువాలో భద్రపరచితిమి. పిమ్మట ఆ ముద్రాలయము మూతపడెను. ఇప్పుడు ఆ సీడీలను తెరచి చూడగ, ప్రధానోపాధ్యాయుల సందేశము మొదలు ఆరవ తరగతి బాలిక వ్రాసిన పొడుపుకథలవరకు అంతయు రోమను అక్షరముల రాశి. వానికంటె ఎన్నియో సంవత్సరములు ముందు సీసపు అక్షరములతో అచ్చైన సంచికలను మాత్రము, చెదలు తిన్న అంచులు పోను, ఎవరైన చదువవచ్చును. ఇట్టి వ్రాతలను యూనికోడులోనికి మార్చు సాధనములు కొన్ని ఫాంటులకు కలవు. మేము ప్రయోగించి చూచితిమి. మాటలు చాలవరకు వచ్చినవి గాని, వత్తులు ఇరుగుపొరుగు అక్షరములకు మారినవి. ‘పద్మ’ యొకచోట ‘ప్మద’ యయ్యెను.

మార్పు ఒక్కసారిగ రాలేదు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు ఫాంటు వచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన అను ఫాంటులను చేసి అందరకును ఉచితముగ నిచ్చిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. ఎచ్చట వ్రాసినను ఎచ్చటనైనను తెరచి చదువదగిన తెలుగు, వెదకిన దొరకు తెలుగు, ఇట్టి పనులవలన క్రమముగ నలవాటయ్యెను. అచ్చు దుకాణములలో పాత యమరికలు ఆ తరువాతను చాలకాలము నిలిచెను. చేతికి అలవడిన మీటలను మార్చుకొనుట ఎవరికైనను కష్టమే. ఆ పనివారిని మేము తప్పుపట్టము.

ఇప్పుడు తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు, శనివారము మధ్యాహ్నములందు, ఆ సంచికల అచ్చుప్రతులను ముందుంచుకొని యూనికోడులో తిరిగి వ్రాయుచున్నారు. ఒకరు చదువుదురు, ఒకరు మీటలు నొక్కుదురు, మూడవవారు సున్నలను పరీక్షింతురు. ఆ మూడవ పనికి వారిలో పోటీ హెచ్చుగ నున్నది. అంకె సున్నను పట్టుకొన్నవారు దొంగను పట్టినంత కేక వేయుచున్నారు. ఒక సంచికలో ఇప్పటి విద్యార్థి యొకని తల్లి, తన బడి దినములలో వ్రాసిన చిన్న కథ బయల్పడెను. ఆ పుట ఆమెయొద్ద లేదట. కుమారుడే దానిని కొట్టి ఆమె ఫోనునకు పంపెను.

వచ్చు సంవత్సరపు సంచికకు రచనలు పంపువారికి మా మనవి యిది. యూనికోడు తెలుగులో వ్రాసి పంపుడు. పంపకమునుపు దానిని స్నేహితుని ఫోనులో నొకసారి తెరచి చూడుడు. అచ్చట చక్కగ కనబడిన మా యంత్రమునను కనబడునని యెంచవచ్చును. వత్తు ఎచ్చటనైన లొంగకున్న, ఆ మాట క్రింద గీత గీసి తీసికొనిరండు, కలిసి దిద్దుదము. ఫోను లేనివారు కాగితముపై చేతివ్రాతతో, ఒక ప్రక్కన మాత్రము, పంక్తుల నడుమ చోటు విడిచి వ్రాసి యిచ్చినను పుచ్చుకొందుము.